మదరాసు – లండను: మైళ్లును దినములును

రెండు పట్టణముల నడుమ దూరమెంతయని యడిగినచో భూగోళశాస్త్రవేత్త మైళ్లలో బదులు చెప్పును. బాటసారి దినములలో చెప్పును. గడపయొద్ద నిలిచి యెదురుచూచు తల్లి చెప్పు లెక్క వేఱు. ఈ మూడు లెక్కలును ఒండొంటితో ఎన్నడును సరిపోవు. మదరాసునకును లండనునకును నడుమ, భూగోళముపై అతి సమీపమైన దారిని కొలిచినచో, సుమారు 5,100 మైళ్లు. అనగా 8,200 కిలోమీటర్లు. మూడు శతాబ్దములలో ఈ సంఖ్య చెప్పదగినంతగా మాఱలేదు. కాని దానిని దాటుటకు ఒకప్పుడు ఆఱు మాసములు పట్టెడిది. పిమ్మట ఒక మాసము. ఆ పిమ్మట పదిదినములకు లోపు. నేడు నడుమ ఎచ్చటను దిగని విమానమున పది పదునొకండు గంటలు. మైళ్లు భూమి సొత్తు. కాలము మనుష్యుల సొత్తు. మనుష్యులు దానిని ఎట్లు తగ్గించిరో, ఎవరికొఱకు తగ్గించిరో, ఒక్కొక్కప్పుడు తామే మఱల ఎట్లు పెంచిరో తెలిసికొనుట మనకు ప్రయోజనకరము. సర్కారు జిల్లాల వారికిని, సీమ జిల్లాల వారికిని 1953 వఱకు మదరాసే రాజధానియగుటచే ఈ కథ పరాయిది కాదు.

తెరచాపల కాలమున ఓడలు ఆఫ్రికాఖండపు దక్షిణాగ్రమును చుట్టి రావలెను. గాలి అనుకూలించినచో నాలుగైదు మాసములు. లేనిచో ఆఱు మాసములు, అంతకు మించియు. లండనునుండి జాబు వచ్చి, దానికి ప్రత్యుత్తరము పోయి చేరునప్పటికి ఒక సంవత్సరము నిండెడిది. కుమారుడు జ్వరపడినాడని తల్లి వినునప్పటికి అతడు స్వస్థుడై యుండవచ్చును, లేక మరణించి చాలకాలమై యుండవచ్చును. ఇన్నివేల మైళ్లు దాటివచ్చిన ఓడకు మదరాసున రేవే లేదు. అది సముద్రమున దూరముగా లంగరు వేయగా, ఇనుప మేకులు లేక కొబ్బరిపీచు త్రాళ్లతో పలకలను కుట్టి చేసిన మసూలా పడవలలో మన బెస్తవారు కెరటములమీదుగా ప్రయాణికులను ఒడ్డునకు చేర్చుచుండిరి. మేకులు కొట్టిన పడవ ఆ కెరటముల తాకిడికి పగిలిపోవును. కుట్టిన పడవ వంగి నిలుచును. కృత్రిమమైన రేవు నిర్మాణము 1870 తరువాతనే మొదలయ్యెను. అంతవఱకు వేలమైళ్ల సముద్రమును జయించితిమని గర్వించిన నావికులును కడపటి మైలున పేరు తెలియని పల్లెకారుల భుజబలమునే నమ్ముకొనవలసి వచ్చెను.

ఆవిరియంత్రము వచ్చుటతో లెక్కలు మాఱసాగెను. 1825లో ‘ఎంటర్‌ప్రైజ్’ అను పొగయోడ ఇంగ్లండునుండి కలకత్తాకు 113 దినములలో వచ్చెను. 1830లో బొంబాయిలో నిర్మింపబడిన ‘హ్యూ లిండ్సే’ అను నౌక మార్చి 20న ఆ నగరమును విడిచి, ఎఱ్ఱసముద్రమున ప్రవేశించి, ఏప్రిల్ 22న సూయెజు చేరెను. ఆఫ్రికాను చుట్టనక్కఱలేదని దానివలన తేలినది. మధ్యధరాసముద్రమున ఒక యోడ, ఎఱ్ఱసముద్రమున వేఱొక యోడ, ఆ రెంటి నడుమ ఈజిప్టులో నైలునదియు ఎడారిదారియు: ఈ ఏర్పాటునకు థామస్ వాగ్‌హార్న్ అను నావికుడు చిరకాలము పాటుపడెను. 1842లో పి. అండ్ ఓ. కంపెనీవారి ‘హిందూస్థాన్’ నౌక సూయెజునుండి సింహళము, మదరాసుల మీదుగా కలకత్తాకు టపా నడపుటకై ఇంగ్లండును విడిచెను. అప్పటినుండి మదరాసు లండనుల నడుమ ప్రయాణము నెలల లెక్కనుండి వారముల లెక్కకు దిగెను.

1869 నవంబరు 17న సూయెజు కాలువ తెఱవబడెను. లండను బొంబాయిల నడుమ సముద్రపు దారి సుమారు 10,700 సముద్రపు మైళ్లనుండి సుమారు 6,300 సముద్రపు మైళ్లకు తగ్గెను. ఈ లాభమును పొగడునప్పుడు ఒక సంగతి మఱవరాదు. ఆ కాలువ త్రవ్వకము మొదటి సంవత్సరములలో ఈజిప్టు రైతులను వేలకొలదిగా పొలములనుండి పట్టి తెచ్చి వెట్టిచాకిరి చేయించిరి. మన ఉత్తరములు త్వరగా వచ్చుటకు వారి పంటలు ఎండిపోయెను. 1871లో బొంబాయినుండి వచ్చు రైలుమార్గమును మదరాసునుండి పోవు రైలుమార్గమును రాయచూరున కలిసెను. అది మొదలు లండను టపా బొంబాయిలో ఓడ దిగి, రాయచూరు, ఆదోని, గుంతకల్లు, కడప, రేణిగుంటల మీదుగా మదరాసు చేరుచుండెను. సీమ రైతు తన చేనిగట్టున నిలిచి చూచిన ఆ రైలుబండిలో లండను దొరల ఉత్తరువులును, వర్తకుల హుండీలును పోవుచుండెను. 1876లో కఱవు వచ్చినప్పుడు ఆ దారులే ధాన్యమును కఱవు జిల్లాలకు తెచ్చినవి, కఱవు జిల్లాలనుండి ఎగుమతికిని తీసికొనిపోయినవి. దారి సిద్ధముగా నున్నంతమాత్రమున మేలు నడచి రాదు. దానిపై ఏమి నడిపింతుమో మనుష్యులే నిర్ణయింపవలెను.

దారి ఇట్లు కుదించుకొనిపోవుచుండగా మన సంఘము మఱియొక దూరమును జాగ్రత్తగా కాపాడుకొనుచుండెను. సముద్రయానమును బోధాయన ధర్మసూత్రము పాతకములలో చేర్చెను. కలియుగమున వర్జింపదగిన వానిలో దానిని లెక్కించు గ్రంథములును పుట్టెను. రాజా రామమోహనరాయలు 1830 నవంబరు 19న కలకత్తాను విడిచి, 1831 ఏప్రిల్ 8న లివర్పూలులో దిగెను. ఓడప్రయాణము 140 దినములు. కాని అగ్రవర్ణపు హిందువు ఆ ఓడ యెక్కుటకు మనస్సు చేసికొనుటకు పట్టిన కాలము శతాబ్దములు. 1883లో పండిత రమాబాయి తన చిన్నకూతుతో ఇంగ్లండునకు పోయెను. భర్తను కోల్పోయిన స్త్రీ ఇల్లు కదలుటయే తప్పుగా ఎంచబడిన దినములవి.

1888లో మోహనదాసు గాంధి న్యాయశాస్త్రము చదువుటకై బయలుదేఱునప్పుడు బొంబాయిలోని ఆయన కులపెద్దలు సభచేసి ఆయనను వెలివేసిరి. ఆయనకు సహాయము చేసినవారికిని, రేవునకు పోయి సాగనంపినవారికిని రూపాయి నాలుగణాలు జరిమానా విధించిరి. ఆయన సెప్టెంబరు 4న ఓడ యెక్కెను. మూడేండ్ల పిమ్మట తిరిగివచ్చినప్పుడు అన్నగారు ఆయనను నాసికకు తీసికొనిపోయి గోదావరిలో స్నానము చేయించి, రాజకోటలో కులమువారికి విందు చేసిరి. అయినను కులములో ఒక తెగ ఆయనను కలుపుకొనలేదు. అత్తవారింట మంచినీళ్లు త్రాగుటకును వీలులేకపోయెను. వారు చాటుగా ఇచ్చుటకు సిద్ధపడిరి గాని, బహిరంగముగా చేయరాని పనిని చాటుగా చేయుటకు ఆయన యొప్పుకొనలేదు. లండనునుండి రాజకోటకు వచ్చుటకు కొన్ని వారములు చాలినవి; వాకిటినుండి వంటయింటి నీళ్లబిందె వఱకు పోవుటకు ఏండ్లు చాలలేదు.

మన మదరాసుకథ ఇంతకంటె హృదయవిదారకమైనది. మదరాసు పోర్టు ట్రస్టు కచ్చేరిలో గుమాస్తాగా నున్న శ్రీనివాస రామానుజను 1914 మార్చి 17న ‘నెవాసా’ అను ఓడలో బయలుదేఱి, ఏప్రిల్ 14న లండను చేరెను. సరిగా ఇరువదియెనిమిది దినములు. పోవుటకు ముందు పిలక తీయించుకొనవలసివచ్చినందుకు ఆయన దుఃఖించెను. భార్య జానకి అత్తగారియొద్దనే యుండెను. ఆ దంపతులు ఒకరికొకరు వ్రాసికొన్న ఉత్తరములను అత్తగారు చేరనీయలేదని ఆయన జీవితచరిత్రకారులు వ్రాసిరి. చూడుడు, యుద్ధకాలపు సముద్రములను దాటివచ్చిన జాబు, ఇంటిలో ఒక గదినుండి మఱియొక గదికి పోలేకపోయినది! 1919లో ఆయన వ్యాధిగ్రస్తుడై తిరిగివచ్చెను. 1920 ఏప్రిల్ 26న మదరాసున మరణించెను. లోకమంతయు కొనియాడిన ఆ గణితవేత్త అంత్యక్రియలకు, సముద్రము దాటినవాడన్న కారణమున, బంధువులలో పూర్వాచారపరాయణులు పెక్కండ్రు రాలేదందురు. కేంబ్రిడ్జి విద్వాంసులు ఆయనను తమవానిగా చేసికొనుటకు వెనుదీయలేదు. ఇరువదియెనిమిది దినములలో దాటిన దూరమును ఇంటివారు ఆఱేండ్లకును దాటలేకపోయిరి.

శాస్త్రమును గూర్చిన ఈ వాదములన్నియు చదువుకొన్న కొద్దిమందిని గూర్చినవి. 1860లో మదరాసునుండి ‘ట్రూరో’ అను ఓడ ఒప్పందపు కూలీలను ఎక్కించుకొని నవంబరు 16న నాటాలు దేశపు దర్బానులో దించినప్పుడు, ఏ పండితసభయు కూడి వారి ప్రాయశ్చిత్తమును విచారింపలేదు. మన కోస్తా జిల్లాలనుండి మారిషసునకును, బర్మాకును, నాటాలునకును వేలకొలది పోయిరి. పొగయోడల అడుగున బొగ్గు వేయుచు లండను వఱకు పోయి వచ్చిన నావికులకు అంతులేదు. ఆకలిగొన్నవానికి లేని నిషేధము అన్నముగలవానికి మాత్రమే యుండుటచే, అది ధర్మమా, హోదాయా యని ఆలోచింపదగియున్నది.

ఇక ఆకాశమార్గము. 1911 ఫిబ్రవరి 18న అలహాబాదునుండి యమునకు ఆవలనున్న నైనీకి హెన్రీ పెకే అను ఫ్రెంచి వైమానికుడు సుమారు 6,500 ఉత్తరములను విమానమున తీసికొనిపోయెను. దూరము ఆఱు మైళ్లు. లోకమున అధికారికమైన మొదటి విమానపు టపా అదియే. పదునెనిమిదేండ్లకు, 1929 మార్చి 30న, ఇంపీరియల్ ఎయిర్వేస్ కంపెనీవారు లండనునుండి కరాచీకి టపాను ప్రయాణికులను నడపుట కారంభించిరి. సుమారు 5,000 మైళ్లు, ఏడు దినములు, టిక్కెట్టు వెల 130 పౌనులు, అనగా నాటి మారకమున పదునేడువందల రూపాయలకు పైబడిన మొత్తము. అది ఎడతెగని ఆకాశయానము కాదు. క్రాయిడనునుండి బాసెలు వఱకు విమానము. అచ్చటినుండి జినోవాకు రైలుబండి. జినోవానుండి అలెగ్జాండ్రియాకు నీటివిమానము. ఆపై ఎడారి మీదుగా వేఱొక విమానము. రాత్రులందు దిగి విశ్రమించెడివారు. పాలస్తీనా బాగ్దాదుల నడుమ గుఱుతులులేని ఎడారిలో వైమానికులు దారితప్పకుండుటకై అంతకుముందే కొన్నిచోట్ల నేలపై నాగటిచాలు దున్నియుండిరి. ఆకాశమున పోవువానికిని దారి చూపినది రైతు నాగలియే.

ఈ మార్గము వంకరలు తిరుగుటకు ముఖ్యకారణము రాజ్యముల అనుమతులు. ఇటలీతో తగవు వచ్చుటచే అదే సంవత్సరము మార్గమును మధ్య యూరోపునకు మార్చవలసివచ్చెను. పారశీక ప్రభుత్వము తన తీరమున విమానములు పోవుటకు మొదట ఆలస్యముగా అనుమతించెను. 1932లో ఆ గడువు ముగియగా, మార్గము అరేబియా ఒడ్డునకు మాఱి షార్జాలో దిగుచుండెను. యంత్రము ఎంత వేగము గలదైనను, రాజ్యము చేయి అడ్డుపెట్టినచో చుట్టు తిరుగవలసినదే.

తొందర తెచ్చిన కీడును ఆ కాలమే చూచెను. ఇంగ్లండు కరాచీలను వాయునౌకతో కలుపవలెనని ఆర్.101 అను మహానౌకను నిర్మించి, పరీక్షలు పూర్తిగాకమునుపే 1930 అక్టోబరులో పంపిరి. అది ఫ్రాన్సుదేశమున బోవే పట్టణము దాపున కూలి కాలిపోగా 48 మంది మరణించిరి. వారిలో ఆ తొందరకు కారకుడని చెప్పబడిన వైమానిక మంత్రి టాంసను ప్రభువును ఒకడు.

ఆ 1930 మే నెలలోనే వేఱువిధమైన సాహసములును జరిగెను. ఇంగ్లండు ఇండియాల నడుమ ఒంటరిగా విమానము నడపు మొదటి భారతీయునకు ఆగాఖాను 500 పౌనుల బహుమానము ప్రకటించియుండెను. పదునేడేండ్ల ఆస్పీ ఇంజనీరు ఇంగ్లండునుండి బయలుదేఱెను, జె. ఆర్. డి. టాటా కరాచీనుండి ఎదురుదిక్కున బయలుదేఱెను. ఈజిప్టులో అబూకిరునొద్ద ఇంజనీరు యంత్రపు ప్లగ్గులులేక నిలిచిపోయియుండగా, టాటా తనయొద్దనున్న ప్లగ్గులను అతనికిచ్చి తన దారిని పోయెను. బహుమానము ఇంజనీరునకే దక్కెను. తరువాతికాలమున ఆయన భారత వైమానికదళమునకు అధిపతి యయ్యెను. అదే నెలలో ఆమీ జాన్సను అను ఇరువదియాఱేండ్ల యువతి, న్యాయవాదుల కచ్చేరిలో టైపు పనిచేసి జీవించినది, మే 5న క్రాయిడనునుండి ఒంటరిగా బయలుదేఱి ఆఱు దినములలో కరాచీ చేరి, ఆస్ట్రేలియాకు సాగిపోయెను. యంత్రమును విప్పి బిగించుటకును ఆమె యోగ్యతాపత్రము పొందియుండెను. స్త్రీ ఒంటరిగా పొరుగూరికి పోరాదని వాదించుచుండిన వారికి ఆమె ప్రయాణమే ప్రత్యుత్తరము.

కరాచీ వఱకు వారమునకు వచ్చిన టపా మదరాసు చేరుటకు రైళ్లలో మఱికొన్ని దినములు పట్టుచుండెను. ఆ లోటును తీర్చినది 1932 అక్టోబరు 15. ఆనాటి ఉదయమున టాటా చిన్న పుస్‌మాత్ విమానమును తానే నడపుకొని కరాచీనుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయిలోని జుహూ తీరమున దిగెను. అహమ్మదాబాదులో పెట్రోలు డబ్బాలు ఎద్దుబండిపై వచ్చెను! బొంబాయినుండి నెవిల్ విన్సెంటు టపాను అందుకొని, ఆ రాత్రి బళ్లారిలో ఆగి, మఱునాడు మదరాసు చేరెను. ప్రభుత్వము ఈ పనికి ప్రత్యేకమైన ధనసహాయ మొసగలేదు. మోసిన టపా బరువునుబట్టియే రాబడి. లండను నుండి మదరాసునకు టపా తొమ్మిది పది దినములలో వచ్చు ఏర్పాటు ఇట్లు కుదిరెను. 1938 ఫిబ్రవరినుండి బ్రిటనునుండి ఇండియాకు వచ్చు ఉత్తరములు అర ఔన్సునకు ఒకటిన్నర పెన్నితో, అదనపు రుసుము లేకయే, విమానమున రాసాగెను. ధనికుల సొత్తుగానున్న వేగము సామాన్యుని యుత్తరమునకు దక్కిన దినమది.

కాని మూడేండ్లు గడువకమునుపే, 1940 జూనులో ఇటలీ యుద్ధమున దిగగా మధ్యధరాసముద్రపు దారి మూతపడెను. ఉత్తరములు మఱల ఆఫ్రికాను చుట్టసాగెను. వారము మఱల మాసములయ్యెను. స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మట 1948 జూన్ 8న ఎయిరిండియా ఇంటర్నేషనల్ వారి ‘మలబార్ ప్రిన్సెస్’ విమానము బొంబాయినుండి కైరో, జినీవాల మీదుగా లండనునకు పోయెను. మన దేశపు కంపెనీ, మన జెండాతో, ఆ దారిని నడచుట అదియే మొదలు. ఆ విమానమే 1950 నవంబరు 3న మాంట్‌బ్లాంక్ పర్వతముపై కూలి 48 మందిని బలిగొనెను. వారిలో అధికులు ఓడపనికి పోవుచున్న భారతీయ నావికులు. 1966 జనవరి 24న ఆ పర్వతముననే కూలిన ‘కాంచనజంగ’ విమానమున అణుశాస్త్రవేత్త హోమీ భాభా మరణించెను. ఆయన పేరు లోకమునకు తెలియును. ఆ నావికుల పేర్లు వారి యిండ్లలో తప్ప ఎవరికిని తెలియవు. జెట్టువిమానములు ఆ దారిలో ప్రవేశించినది మొదలు ప్రయాణము గంటల లెక్కకు వచ్చెను.

కాలము తగ్గుటయే గాని పెరుగుట లేదని తలచువారు కొన్ని సంవత్సరములను జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. 1967 యుద్ధమున మూతపడిన సూయెజు కాలువ 1975 వఱకు తెఱవబడలేదు. ఎనిమిదేండ్లు ఓడలు వాస్కోడగామా దారినే పట్టెను. 2019లో కొన్ని మాసములును, మఱల 2025 ఏప్రిలు చివరనుండియు పాకిస్థాను తన గగనమార్గమును మూయగా, ఢిల్లీనుండి పశ్చిమదేశములకు పోవు మన విమానములు చుట్టు తిరిగి అధికకాలమును ఇంధనమును వ్యయపఱుపవలసివచ్చెను. 2020 మార్చిలో మహమ్మారి కారణమున విమానములే నిలిచిపోయెను. పది గంటల దూరముననున్న కుమారులు తలిదండ్రుల కడసారి చూపునకు రాలేక, యంత్రపు తెరపై అంత్యక్రియలను చూచిన కుటుంబములు మన తెలుగునాట కొల్లలు. ఆనాడు భూమి పెరుగలేదు; మైళ్లు అన్నియే.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది ఒక్కటి కలదు. దారిని కుదించుట శాస్త్రజ్ఞుల పని, కూలీల పని, సాహసికుల పని. వారు తమ పనిని చేసిరి. ఆ దారి చివరనున్న తలుపు తెఱచుట మాత్రము గృహస్థుల పని. సముద్రయాన నిషేధమును పొగయోడ తొలగింపలేదు. పోయినవారి ధైర్యమును, వచ్చినవారిని పంక్తిలో కూర్చుండబెట్టుకొన్న ఇండ్లును తొలగించెను. నేడు సముద్రము దాటినందుకు వెలివేయువారు లేరు. కాని సముద్రము దాటినవాడు వేఱు కులముదానినో, వేఱు దేశముదానినో పెండ్లాడి వచ్చినప్పుడు, పరదేశమున భర్త బాధలకు తాళలేక కూతురు పుట్టింటికి మరలివచ్చినప్పుడు, పదిగంటల ప్రయాణము చేసి వాకిట నిలిచినవారికి లోపలికి పిలుపు ఎన్నాళ్లకు వచ్చుచున్నది? ఉత్తరము నేడు క్షణమున వచ్చును. దానిని చదివి ప్రత్యుత్తరము వ్రాయు మనస్సునకు ఎన్ని దినములు పట్టుచున్నది? మదరాసు లండనుల నడుమ దూరమును కొలుచుటకు 5,100 మైళ్ల లెక్క యొకటి కలదు. ప్రతి ఇంటిలోను కొలువవలసిన లెక్క మఱియొకటి కలదు. ఆ లెక్కను తగ్గించు యంత్రము ఇంకను ఎవరును కనిపెట్టలేదు. దానిని మన చేతులతోనే తగ్గించుకొనవలసి యున్నది.